ఏ విత్తనం ఎప్పుడు వేయాలి: మీ పెరటికి సరిపడే అదను పట్టికను తయారుచేసుకోవడం ఎలా?

"ఈ నెలలో ఏ కూరగాయలు వేసుకోవచ్చు?" అని అడిగేవారు ఏడాది పొడవునా ఉంటారు. జవాబుగా నెలవారీ జాబితా ఒకటి ఇచ్చేయడం సులువే. కానీ ఆ జాబితా ఆదిలాబాదులో ఉన్నవారికి పనికొస్తే నెల్లూరులో ఉన్నవారికి పనికిరాదు, నేల మీద మడి ఉన్నవారికి కుదిరితే మిద్దె మీద కుండీలున్నవారికి కుదరదు. అందుకే ఇక్కడ జాబితాతో పాటు దాన్ని మీ చోటికి తగినట్లు మార్చుకునే పద్ధతి కూడా చెప్తున్నాను.

రైతులు విత్తే పనిని రెండు మాటల్లో చెప్తారు: అదను, పదును. అదను అంటే సరైన కాలం, పదును అంటే విత్తనం పడేనాటికి మట్టిలో ఉండవలసిన తేమ. పెరటి తోటల్లో ఎక్కువగా తప్పేది అదనే. దానికి కారణం, మనం విత్తే రోజు వాతావరణం చూసుకుంటామే తప్ప, ఆ మొక్క పూత పట్టే రోజుల్లో ఎండ ఎంత ఉంటుందో ఆలోచించకపోవడం. జనవరిలో ఆహ్లాదంగా ఉంది కదా అని టమాటా విత్తనం వేస్తే, దానికి పూత వచ్చేసరికి మార్చి నడుస్తుంటుంది.

కావలసినవి

- కార్తెలు కూడా వేసి ఉన్న గోడ క్యాలెండరు, ఒక నోటు పుస్తకం.
- రోజులో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటరు. లేకపోతే వాతావరణ శాఖ మీ జిల్లాకు ఇచ్చే అంకెలు సరిపోతాయి. అయితే మిద్దె మీద వేడి అంతకంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుందని గుర్తుంచుకోండి.
- రకం పేరు, పరీక్ష తేదీ, గడువు తేదీ స్పష్టంగా ఉన్న విత్తన ప్యాకెట్లు.
- నారు పెంచడానికి ట్రేలు, కొబ్బరి పొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు. ట్రేలు లేకపోతే అడుగున చిల్లులు పెట్టిన పెరుగు డబ్బాలు చాలు.
- వేసవి పంటలకు 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్. అది దొరకకపోతే పాత నేత చీర ఒకటి పందిరిలా కట్టుకోవచ్చు.

1. ముందు మీ చోటు స్వభావం తేల్చుకోండి

పుస్తకంలో మొదటి పేజీలో మూడు విషయాలు రాయండి: మీ దగ్గర గట్టి వానలు ఏ నెలల్లో పడతాయి, డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి ఎంత వరకు దిగుతుంది, పగటి ఎండ 35 డిగ్రీలు దాటడం ఎప్పుడు మొదలవుతుంది.

తెలంగాణలోనూ ఉత్తర కోస్తాలోనూ వానల బరువంతా జూన్ నుంచి సెప్టెంబరు వరకు వీచే నైరుతి మీదే ఉంటుంది. నెల్లూరు, తిరుపతి వైపు మాత్రం అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చే ఈశాన్య రుతుపవనాలదే పెద్ద వాన. అందరూ చలికాలపు నారు నాటుకునే ఆ రోజుల్లోనే అక్కడివారికి తుపాన్ల భయం ఉంటుంది కాబట్టి, నారును కప్పు కింద ట్రేల్లో పెంచి, వాన తెరిపిచ్చాక నాటుకోవాలి. ఆదిలాబాదులో చలి 10 డిగ్రీల లోపుకు పడిపోయే రాత్రులుంటాయి, విజయవాడలో అదే కాలంలో సన్నని దుప్పటి చాలు. మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండటం వల్లనే, మైదానాల్లో టమాటా పూత రాలిపోయే వేసవిలో కూడా అక్కడి పొలాల్లో కాపు నిలబడుతుంది. మదనపల్లె రైతును చూసి గుంటూరులో ఏప్రిల్ పంటకు సిద్ధపడితే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

2. పంటలను మూడు కుప్పలుగా విడదీయండి

చలి కోరేవి: క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, బీట్‌రూట్, పచ్చి బఠానీ, ఫ్రెంచ్ బీన్స్, బంగాళదుంప, పాలకూర, మెంతికూర, కొత్తిమీర, చుక్కకూర.

వేడికి తట్టుకునేవి: బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర, పొట్ల, దోస, గుమ్మడి, తోటకూర, బచ్చలి. వంగ కూడా దాదాపు ఈ కుప్పలోనిదే. ఏడాదిలో మూడు సార్లు, అంటే జూన్-జూలైలోనూ అక్టోబరు-నవంబరులోనూ ఫిబ్రవరిలోనూ నాటుకునే వీలున్న మంచి మొక్క అది.

మూడో కుప్ప చిన్నదే గానీ, ఎక్కువ మందిని ఏడిపించేది అదే. ఇందులోని మొక్కలు వేడిని బట్టి కాక, పగటి నిడివిని బట్టి పూస్తాయి. పందిరి చిక్కుడు వీటిలో ముఖ్యమైనది. మన పాత దేశవాళీ రకాలు పగలు కురచయ్యే వరకు పూత పూయవు, అందుకే జూలై-ఆగస్టుల్లో విత్తిన పాదూ, ఏప్రిల్‌లో విత్తిన పాదూ దాదాపు ఒకేసారి పూతకు వస్తాయి. జనవరి చివర విత్తి, పందిరంతా అల్లుకున్నా ఒక్క పువ్వూ లేదని వాపోయేవారి చిక్కు ఇదే. అది ఎరువు లోపం కాదు, తెగులూ కాదు. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీగా ఉందంటే, ఆ రోజులకు పాదు నిండుగా కాస్తూ ఉంటుందనేగా అర్థం. అమెరికాలో చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లోని మనవాళ్లు ఇక్కడి చిక్కుడు విత్తనం తీసుకువెళ్లి వేస్తే, పూత మొదలయ్యే సెప్టెంబరు, అక్టోబరు నాటికి మంచు పడి పాదు చచ్చిపోతుంది. వారికైనా, ఇక్కడ వేసవిలో చిక్కుడు కావాలనుకునేవారికైనా, పగటి నిడివితో పని లేకుండా కాసే పొట్టి, పొద చిక్కుడు రకాలే మార్గం. గోంగూర కూడా ఈ తీరుదే: వేసవిలోనూ తొలకరిలోనూ విత్తితే నెలల తరబడి ఆకు ఇస్తుంది, అక్టోబరులో విత్తితే జానెడు ఎత్తు కూడా ఎదగకముందే పూత మొగ్గ తొడుగుతుంది.

3. పూత నుంచి వెనక్కి లెక్క కట్టండి

ఈ పద్ధతికి ఇదే ప్రాణం కాబట్టి, టమాటాతో ఒక్కసారి పూర్తిగా చేసి చూపిస్తాను.

విత్తనం వేసిన నాటి నుంచి నారు నాటే వయసుకు రావడానికి 25 నుంచి 30 రోజులు, నాటిన తర్వాత పూత మొదలవడానికి మరో 25 నుంచి 30 రోజులు పడుతుంది. అంటే విత్తిన రెండు నెలలకు పూత వస్తుంది. ఆ పూత పిందె కట్టడానికి రాత్రులు కొంచెం చల్లగా ఉండాలి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కగా ఉంటే పుప్పొడి సరిగా పనిచేయక పువ్వు రాలిపోతుంది. మీ ఊళ్లో 35 డిగ్రీల ఎండ మార్చి 10 ప్రాంతంలో మొదలవుతుందనుకుందాం. కనీసం అయిదు వారాల పూత పిందెగా నిలవాలంటే, పూత ఫిబ్రవరి మొదటి వారానికే రావాలి. అక్కడి నుంచి రెండు నెలలు వెనక్కి వస్తే డిసెంబరు మొదటి వారం. మీ చలికాలపు టమాటా విత్తనానికి అదే ఆఖరి గడువు. అక్టోబరులో విత్తితే ఇంకా మంచిది. తొలకరి పంటకైతే జూన్‌లో విత్తి జూలైలో నాటుకోవచ్చు, కాకపోతే వానకు ఆకు తెగుళ్లు ఎక్కువగా వస్తాయి కాబట్టి మొక్కను తప్పనిసరిగా కర్రకు కట్టాలి.

ఇదే లెక్క మిగతావాటికి వేసుకోవడానికి సుమారు రోజులు ఇవి. విత్తిన నాటి నుంచి మొదటి కోతకు ముల్లంగికి 40 నుంచి 45, కీర దోసకు 45, బెండకు 45 నుంచి 50, బీర, కాకరలకు 55 నుంచి 60, సొరకు 60 నుంచి 65, క్యారెట్‌కు 90 నుంచి 100 రోజులు పడతాయి. క్యాబేజీని నారు నాటిన నాటి నుంచి 60 నుంచి 75 రోజులుగా లెక్కించాలి. మీ ప్యాకెట్ మీద వేరే అంకె ఉంటే దాన్నే తీసుకోండి.

4. విత్తనాన్నీ పదునునూ పరీక్షించండి

ఏ కాలంలోనైనా ఈ రెండూ దాటవేయవద్దు. ఇరవై విత్తనాలను తడిగుడ్డలో చుట్టి, మూత వదులుగా పెట్టిన డబ్బాలో ఉంచండి. బెండ, బీర వంటివి వారంలోపు, మిరప, వంగ పది పన్నెండు రోజుల్లో మొలకెత్తాలి. ఇరవైలో పద్నాలుగు కంటే తక్కువ మొలిస్తే ఒత్తుగా విత్తండి, పది కూడా రాకపోతే ఆ ప్యాకెట్‌ను పక్కన పెట్టేయండి.

పదును చూడటానికి గుప్పెడు మట్టిని పిడికిట బిగించి వదలండి. ముద్దగా నిలిచి, బొటనవేలితో నొక్కగానే పొడిపొడిగా విడిపోతే పదును కుదిరినట్టు. వేళ్ల సందుల్లోంచి నీరు కారితే రెండు రోజులు ఆగాలి, ముద్దే కట్టకపోతే ముందురోజు సాయంత్రం తడి పెట్టాలి.

5. తొలకరి విత్తనం: జూన్ నుంచి ఆగస్టు వరకు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే 25 ప్రాంతంలో మొదలయ్యే ఆ కార్తె పోయి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశించిందంటే తొలకరికి సిద్ధపడవచ్చు. అయితే కార్తె మారిన రోజునే విత్తనం పట్టుకుని పరుగెత్తవద్దు. ఒక జల్లు పడి, తర్వాత పదిహేను రోజులు ఎండగొడితే మొలకలు మాడిపోతాయి. జానెడు లోతు వరకు తడి దిగే వాన పడేదాకా ఆగండి, లేదా నీటి వసతి ఉంటేనే ముందుగా వేసుకోండి.

బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర, పొట్ల, గుమ్మడి, తోటకూరలను నేరుగా విత్తుకోవాలి. వంగ, మిరప, టమాటాలకు నారు పోసుకోవాలి. చేమ దుంపకు కూడా ఇదే అదను. కంద, పసుపులను మాత్రం తొలకరికి ముందే, మే చివర నుంచే నాటుకుంటే వాన నీటిని పూర్తిగా వాడుకుంటాయి. పందిరి చిక్కుడును జూలై నుంచి ఆగస్టు మధ్యలోపు వేయండి.

ఈ కాలంలో ప్రమాదం నీరు నిలవడం. తీగ జాతి పాదులను గుంటలో కాకుండా, చుట్టూ కాలువ తీసిన దిబ్బ మీద పెట్టాలి. బెండలో ఆకు ఈనెలు పసుపుగా మారి, కాయలు కూడా పాలిపోతే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ తెగులు. మందు కొట్టి నయం చేయలేము కాబట్టి ఆ మొక్కను వెంటనే పీకేసి, తర్వాతి విత్తుకు ఈ తెగులును తట్టుకునే రకాన్ని తీసుకోండి.

6. చలికాలపు విత్తనం: సెప్టెంబరు నుంచి నవంబరు వరకు

మన ప్రాంతంలో చలి కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి, ఇక్కడ పదిహేను రోజుల ఆలస్యం కూడా పంట మీద కనిపిస్తుంది. క్యాబేజీ నారు ఆగస్టు చివర నుంచి, క్యారెట్, బీట్‌రూట్ సెప్టెంబరు నుంచి, ఫ్రెంచ్ బీన్స్, బఠానీ, బంగాళదుంప అక్టోబరు రెండో పక్షం నుంచి మొదలుపెట్టాలి. జహీరాబాద్ వైపు రైతులు బంగాళదుంపను ఈ కాలంలోనే వేస్తారు. రాత్రులు చల్లబడితే గానీ గడ్డ ఊరదు. క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్‌లను నారు పోసి పీకి నాటితే దుంప వంకర తిరుగుతుంది, నేరుగా విత్తి పలచన చేయడమే పద్ధతి.

కాలీఫ్లవర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇందులో తొందరగా పూవేసే రకాలు, మధ్యకాలపు రకాలు, ఆలస్యపు రకాలు వేర్వేరుగా ఉంటాయి, వాటిలో ఒకదాని అదను ఇంకోదానికి చెల్లదు. పూసా దీపాలి వంటి ముందస్తు రకాన్ని ఆలస్యంగా నాటితే, మొక్క ఎదగకముందే చొక్కా గుండీ అంత పువ్వు వేసి ఊరుకుంటుంది. స్నోబాల్ వంటి ఆలస్యపు రకాన్ని తొలకరిలో వేస్తే చలి వచ్చేదాకా ఆకులే పెంచుతుంది. నేనొకసారి రకం పేరు అడగకుండా ఒక నర్సరీలో నవంబరు చివర నలభై మొక్కలు కొని, సంక్రాంతికి నిమ్మకాయంత పువ్వులు కోసుకున్నాను. రకం పేరు చెప్పలేని చోట కాలీఫ్లవర్ నారు కొనవద్దు.

కొత్తిమీరకు ధనియాలను రెండు బద్దలుగా విడేలా మెల్లగా నలిపి, ఒక రాత్రి నానబెట్టి వేయాలి. మొలక కనిపించడానికి పది పన్నెండు రోజులు పట్టవచ్చు, ఈలోగా రాలేదని మళ్లీ తవ్వేయవద్దు. ఒకేసారి మడి అంతా నింపకుండా పదిహేను రోజులకొక వరుస వేసుకుంటే ఫిబ్రవరి దాకా లేత ఆకు దొరుకుతుంది.

7. వేసవి విత్తనం: జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి వరకు

బెండ, గోరుచిక్కుడు, దోస, బీర, సొర, కాకరలకు ఇది రెండో అదను. పుచ్చకాయను మాత్రం డిసెంబరు, జనవరి నెలల్లోనే విత్తితే, 80 నుంచి 90 రోజుల్లో, ఎండలు ముదిరే వేళకు కోతకు వస్తుంది. బెండ విత్తనానికి నేల వెచ్చగా ఉండాలి, రాత్రులు బాగా చల్లగా ఉన్న డిసెంబరులో వేస్తే మొలవక మట్టిలోనే కుళ్లుతుంది. కోస్తాలో సంక్రాంతి వెళ్లగానే వేయవచ్చు, తెలంగాణ ఉత్తర జిల్లాల్లో ఫిబ్రవరి మొదటి వారం వరకు ఆగడం మేలు. మార్చి దాటాక వేస్తే మొలక బాగానే వస్తుంది గానీ, ఎండలో తెల్లదోమతో, నీటి ఎద్దడితో కాపు నిలవదు.

మార్చి నుంచి మే వరకు కొత్తగా వేసుకోదగినవి తోటకూర, గోంగూర, బచ్చలి. కొత్తిమీర తప్పదనుకుంటే షేడ్ నెట్ కింద వేసి, నాలుగు వారాలకే కోసేయండి. ఇంకా ఆగితే ఆకు సన్నబడి, పూత కాడ లేస్తుంది.

8. పండ్ల మొక్కలకు లెక్క వేరు

నాటే అదను అన్నింటికీ దాదాపు ఒకటే: జూన్ చివర నుంచి సెప్టెంబరు లోపు, నేల బాగా తడిసిన తర్వాత. కానీ గుంటలు తవ్వే అదను వేసవి. గుంటలు ఎండలో రెండు మూడు వారాలు తెరిచి ఉంటే మట్టిలోని పురుగులు చస్తాయి. మే నెలలో కర్తరి రోజుల్లో మట్టి తవ్వకూడదని పెద్దలు అంటారు కాబట్టి, ఏప్రిల్‌లోనే తవ్వేసుకుంటే రెండు మాటలూ నిలబడతాయి. బొప్పాయి వేళ్లు ఒకటి రెండు రోజులు నీట మునిగితే కుళ్లుతాయి, నీరు నిలిచే నేలైతే వానలు తగ్గాక అక్టోబరులో ఎత్తు మడి మీద నాటండి.

కాపు కాలాన్ని పండుగలే చెప్తాయి. భోగికి రేగుపళ్లు, ఉగాదికి మామిడి పిందె, వినాయక చవితి పాలవెల్లికి వెలక్కాయ, మొక్కజొన్న పొత్తు, దసరా, దీపావళి రోజుల్లో సీతాఫలం, కార్తీకంలో ఉసిరి. ఆ క్రమానికి అడ్డుపడకుండా ఉండటమే మీ పని. మామిడి విషయంలో పెరటివారు చేసే తప్పు, అక్టోబరు నుంచి పూత వచ్చే వరకు చెట్టుకు రోజూ నీళ్లు పోయడం. అలా పోస్తే పూతకు బదులు చిగురు వేస్తుంది. కాపు దిగిన తర్వాత, జూన్-జూలైలలో ఎరువు వేసి, అక్టోబరు నుంచి నీరు ఆపి, పిందె బఠానీ గింజంత అయ్యాక మళ్లీ తడి ఇవ్వండి. జామకు వేసవిలో వచ్చే పూతతో కాసే వానాకాలపు కాయ చప్పగా ఉంటుంది, పండు ఈగ కూడా పడుతుంది. ఏప్రిల్-మే నెలల్లో నీరు తగ్గించి, ఆ పూతను దులిపేసి, జూన్‌లో ఎరువు వేస్తే చలికాలంలో తియ్యని కాయ వస్తుంది.

9. లెక్క సరిగా కుదిరిందో లేదో చూసుకోండి

టమాటా పువ్వు వెనుక కాడ మీద మోకాలి చిప్పలా ఒక కణుపు ఉంటుంది. పువ్వు సరిగ్గా ఆ కణుపు దగ్గర పసుపు తిరిగి, ముట్టుకోగానే తెగి పడుతుంటే, ముందు థర్మామీటరు చూడండి. రాత్రి ఉష్ణోగ్రత 25 దిగడం లేదంటే అదను దాటిపోయినట్టే. చాలామంది దీన్ని బలహీనత అనుకుని యూరియా వేస్తారు, దానితో ఆకు పెరుగుతుందే తప్ప పూత నిలవదు. మధ్యాహ్నపు ఎండకు నీడ కట్టి, కాస్తున్న కాయను కాపాడుకుని, కొత్త పూత మీద ఆశ వదులుకోండి.

బీర, సొర పాదులకు మొదటి పది పదిహేను రోజులు మగపూలే వస్తాయి. అది తప్పు కాదు. ఎండలు ముదిరిన కొద్దీ కూడా మగపూలు ఎక్కువవుతాయి, అది మాత్రం ఆలస్యంగా విత్తారనడానికి గుర్తు. ఆడపూలు వచ్చి పిందెలు పసుపుగా ఎండిపోతుంటే పరాగం అందలేదన్నమాట. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి, మగపువ్వును కోసి, రేకులు తీసేసి, చీకటి పడేలోపు ఆడపువ్వు మధ్యలో అద్దండి. గుమ్మడి, కాకరలకైతే ఈ పని పొద్దున్నే చేయాలి.

నాటే నారు వయసు కూడా చూసుకోండి. టమాటా నారు నెల దాటితే, వంగ, మిరప నారు ఆరు వారాలు దాటితే ట్రేలోనే వేళ్లు చుట్టుకుపోతాయి. విత్తనం సరైన రోజున వేసి, నాటడం మూడు వారాలు వాయిదా వేస్తే లెక్క మొత్తం తారుమారవుతుంది.

పుస్తకంలో ఒక్కో పంటకు నాలుగు తేదీలు రాస్తే చాలు: విత్తినది, మొలిచినది, మొదటి పువ్వు కనిపించినది, మొదటి కోత. వాటి పక్కన ఆ వారపు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు వేయండి. మొదటి పువ్వు మీ లెక్క కంటే పది రోజులు ఆలస్యంగా వస్తే, వచ్చే ఏడాది ఆ పంటను పది రోజులు ముందే విత్తేలా తేదీ మార్చి, కొత్త క్యాలెండరు గోడకు తగిలించిన రోజే ఆ గడిలో రాసుకోండి.